వెనక అద్దం

పొద్దున లేచాక అమలకు మొదటి పని మొగుడు రవీందర్ బూట్లు కడగడం. ధూల్‌పేటలో వాళ్ళు అద్దెకుండే ఇంటి ముందు నల్లా ఉంది. నీళ్ళు వచ్చేది కాసేపే. ఆ కాసేపట్లోనే బిందెలు నింపాలి, బియ్యం కడగాలి, బూట్లకు గట్టిపడ్డ మట్టిని పుల్లతో గీకి, బ్రష్షుతో తోమి, గోడకు ఆనించి ఆరబెట్టాలి. తరువాత అతని పసుపు జాకెట్టు. రోలర్ నడిపేవాడికి కంపెనీ బూట్లు ఇస్తుంది, జాకెట్టు ఇస్తుంది, నెత్తికి గట్టి టోపీ ఇస్తుంది. రోలర్ వెంట నడుస్తూ మట్టి మీద నీళ్ళు కొట్టే మనిషికి పైపు ఇస్తుంది. ఆ మనిషి అమల. నెత్తికి తువ్వాల, కాళ్ళకు హవాయి చెప్పులు. వాటిని కడిగే పని లేదు. రోజంతా నీళ్ళల్లోనే ఉంటాయి.

"బూట్లకు గడప తాకనియ్యకు," అంటుంది అత్త లలితమ్మ మంచం మీద నుంచే. "మొగోని బువ్వ గా బూట్లల్లనే ఉంది."

పెళ్ళయి వచ్చిన కొత్తలో కూడా ఆమె ఒక మాట చెప్పింది. "మొగోడు ముంగట చూస్తడు. ఎనుక చూస్కునుడు ఆడిదాని పని. గంతె బిడ్డా, సంసారమంటె." అమల ఆ మాటను కొంగున ముడేసుకుంది. అది సంసారం గురించే అనుకుంది. రోలర్ గురించి కూడా అవుతుందని అప్పుడు తెలియదు.

పని యాకుత్‌పురా స్టేషన్ దగ్గర ఒక గల్లీలో. డ్రైనేజీ పైపు వేయడానికి గల్లీ పొడుగూతా తవ్వారు. ఇప్పుడు మట్టి పూడుస్తున్నారు. మట్టంతా ఒకేసారి పోసి తొక్కితే పైన గట్టిగా కనబడుతుంది, లోపల డొల్ల మిగులుతుంది. మొదటి వానకే కుంగుతుంది. అందుకని పలచగా పొర పరచాలి, తడపాలి, రోలర్‌తో తొక్కాలి, దాని మీద ఇంకో పొర. గల్లీలో బండి తిప్పుకునే జాగా లేదు. ఎంత ముందుకు పోతే అంత వెనక్కి రావాలి. అంటే రోలర్ పనిలో సగం వెనక్కి రావడమే.

ఆ రోలర్‌కు ఒకప్పుడు అద్దం ఉండేది. ఏదో చెట్టుకొమ్మ తగిలి పగిలింది. వెనక్కి వచ్చేటప్పుడు కూసే హారన్ ఉండేది. చెవులు పోతున్నాయని రవీందరే దాని వైరు పీకేశాడు. మళ్ళీ ఎవరూ బాగు చేయించలేదు. అక్కర పడలేదు, అమల ఉంది. వెనక నుంచి సైకిలొస్తే ఆమె ఆపేది. పిల్లలొస్తే తరిమేది. మేకలొస్తే అదిలించేది. రోలర్ తన మీదికే వస్తే తన కాళ్ళు తానే తీసుకునేది. బండి ఆగాలంటే "ఓ బండీ" అని అరిచేది. మొగుడి పేరు నోట పలకకూడదు కాబట్టి బండినే పిలిచేది.

"పెండ్లాం ఎనుకుంటె అద్దమెందుకు భాయ్," అనేవాడు రవీందర్ తోటివాళ్ళతో. "నేను మెడ తిప్పక ఎన్నేండ్లైందో."

వాళ్ళు నవ్వేవాళ్ళు. నవ్వి, వాళ్ళూ తమ ఆడవాళ్ళనే వెంట తెచ్చుకునేవాళ్ళు. వెనక ఉన్నది పరాయి మనిషైతే చూసి నడపాలి. సొంత పెండ్లామైతే చూడనక్కరలేదు. మొదట్లో అమల ఆ మాటకు మురిసింది కూడా. అంత బరువు ఇనుప బండి తన గొంతు మీద నడుస్తోందని, తను లేకపోతే ఆయన ఒక్క అడుగు వెనక్కి వేయలేడని, లోపల ఎక్కడో గర్వంగా ఉండేది. ఆ గర్వంతోనే చాలా కాలం నడిచింది.

వారానికోసారి పొద్దున్నే సూపర్‌వైజర్ బాలకిషన్ అందరినీ వరసగా నిలబెట్టి జాగ్రత్తలు చెబుతాడు. ఆఫీసుకు ఫొటో పంపాలి. "బండి నడుస్తుంటె దాని దరిదాపుల మనిషన్నోడు ఉండొద్దు," అన్నాడు ఆ సోమవారం. ఫొటో తీసే ముందు ఆడవాళ్ళను పక్కకు జరగమన్నాడు. వాళ్ళ నెత్తిన టోపీలు లేవు, ఫొటో పాడవుతుంది. ఫొటో అయ్యాక అమల వైపు తిరిగి, "ఏందమ్మా గట్లనే నిలవడ్డవ్? పో, బండి ఎనుకకు పో, పైపు వట్టు," అన్నాడు.

అదే రోజు పొద్దెక్కాక పైపు ఒక రాయి కింద ఇరుక్కుంది. అమల వంగి లాగుతోంది. రోలర్ గల్లీ చివరిదాకా పోయి వస్తుందని ఆమె లెక్క. రవీందర్ సగంలోనే బండిని వెనక్కి తీశాడు. చప్పుడు దగ్గరైతే తలెత్తి చూసింది. కాలు తీయబోతే చెప్పు బురదలో దిగబడింది. "ఓ బండీ," అని అరిచింది. ఆగలేదు. మళ్ళీ అరిచింది. ఆగలేదు. చక్రం ఆమె కంటే ఎత్తుగా కనబడింది. అప్పుడు ఆమె నోటి నుంచి ఎన్నడూ రాని మాట వచ్చింది.

"రవీందర్, ఆపు."

బండి ఆగింది. కాలు చెప్పులోంచి బయటికి వచ్చింది. చెప్పు చక్రం కిందే ఉండిపోయింది. అమల పక్కింటి మెట్టు మీద కూలబడింది.

రవీందర్ దిగి వచ్చాడు. ఆమె కాలు వైపు చూడలేదు. గల్లీలో అటూ ఇటూ చూశాడు. "నలుగురిల పేరు వెట్టి పిలుస్తవా? ఇజ్జత్ తీసినవ్ గదనే."

"చెప్పే గదా పోయింది, కాలు బానే ఉంది," అన్నాడు బాలకిషన్. "నడువుండ్రి, నడువుండ్రి."

రోలర్ జరిగింది. చెప్పు మట్టిలో అచ్చు పోసినట్టు అతుక్కుపోయింది. దాని మీద ఇంకో పొర పోశారు.

ఆ మెట్టు ఖైసర్ బేగం ఇంటిది. ఆమె పరదా పక్కకు తీసి, తన చెప్పులు విప్పి అమల ముందర పెట్టింది. "వేస్కో బేటీ, కాలు కాల్తది," అంది. తరువాత రోలర్ వైపు చూసి, "నీకు కండ్లు రెండే ఉన్నయ్ గదా. ఆయనకు లేవా?" అంది. "మా ఆయన గూడ గంతె. ఎదురుంగ ఉన్న కళ్ళద్దాలు గూడ నన్నే అడుగుతడు. కండ్లు నా దగ్గర కుదువ వెట్టిండు." అమలకు నవ్వొచ్చింది. ఆ చెప్పుల్లో కాళ్ళు పెట్టింది.

సాయంత్రం అమల పొయ్యి దగ్గర ఉంటే రవీందర్ సంగతంతా తల్లికి చెప్పాడు. చెప్పు గురించి కాదు, పేరు గురించి. లలితమ్మ నెత్తి కొట్టుకుంది. "మొగన్ని పేరు వెట్టి పిలిస్తె ఆయనకు ఆయుస్సు తగ్గుతదని తెల్వదా నీకు?"

అమల గరిట అందుకుంది. కూర కలుపుతూ ఆలోచించింది. పిలిస్తే ఆయన ఆయుస్సు తగ్గుతుంది. పిలవకపోతే తన కాలు పోతుంది. ఈ రెండింటిలో ఇంట్లో అందరూ ఏది ఎంచుకున్నారో ఎదురుగానే ఉంది. కాలు నొస్తుందా అని ఎవరూ అడగలేదు. ఇన్నేళ్ళూ ఆమె ఆయన వెనకే ఉంది. పెళ్ళి ఊరేగింపులో వెనక, బజార్లో సంచులతో వెనక, మోటార్‌బండి మీద వెనక, బండి దిగాక రోలర్ వెనక. ఆయన తుమ్మితే తెలుసు, మనసు బాగాలేకపోతే నడకలో తెలుసు, బండి చప్పుడు మారితే ఆయన ఆకలితో ఉన్నాడని కూడా తెలుసు. ఆయన ఒక్కసారి మెడ తిప్పి ఉంటే తన గురించి ఏం తెలిసేదో. మెడ తిప్పకపోవడాన్ని ఆయన నమ్మకం అన్నాడు. తను ప్రేమనుకుంది. బురదలో కాలు దిగబడితే తేలింది, అది రెండూ కాదు. అక్కడ మనిషి ఉందని ఆయనకు గుర్తే లేదు. ఆయన లెక్కలో అక్కడ అద్దం ఉంది, హారన్ ఉంది. మనిషి లేదు. కూర మాడు వాసన వచ్చింది. దించింది. ఆ రోజు కూర ఎలా ఉందని ఎవరూ అనలేదు కానీ అందరూ కొంచెం కొంచెమే వేసుకున్నారు.

మర్నాడు నల్లా వచ్చింది. అమల బిందెలు నింపింది, బియ్యం కడిగింది. బూట్లు ఉన్నచోటే ఉన్నాయి, మట్టితో.

గల్లీకి పోయాక పైపు పట్టుకోలేదు. ఖైసర్ బేగం మెట్టు మీద కూర్చుంది.

"అద్దం వెట్టుండ్రి. హారన్ వెట్టుండ్రి. అప్పుడు నీళ్ళు కొడ్త."

"ఏందమ్మా గీ లొల్లి?" అన్నాడు బాలకిషన్. "పని ఆగితె మీ ఇద్దర్నీ పంపిచ్చి వేరేటోళ్ళను తెచ్చుకుంట. మళ్ళ నన్ననొద్దు."

"తెచ్చుకోండ్రి అన్నా. వచ్చేటామెకు గూడ కాళ్ళు రెండే ఉంటయ్."

రవీందర్ ముఖం ఎర్రబడింది. "లే, ఇంటికి పోయినంక మాట్లాడుదం. ఈడ కాదు."

"ఇంట్ల రోలర్ లేదు గదా," అంది అమల. "అది ఉన్నకాడనే మాట్లాడాలె."

పరదా వెనక ఎవరో నవ్వారు. రవీందర్ విసురుగా బండెక్కాడు. "నువ్వు లేకపోతె నడువదా? చూడు." నీళ్ళ పైపుకు మనిషి లేడు కాబట్టి, నీలం డ్రమ్ములో నీళ్ళు నింపి బండి వెనక నేల మీద పెట్టించాడు, మగ్గుతో చల్లుకోవచ్చని. ముందుకు పోయాడు. బానే పోయాడు. వెనక్కి వచ్చాడు. వస్తూ మెడ తిప్పబోయాడు, అలవాటు లేని మెడ సగంలోనే ఆగింది. "ఓ బండీ" అనే గొంతు కోసం చూశాడు. అది రాలేదు.

డ్రమ్ము పగిలిన చప్పుడుకు గల్లీ కిటికీలన్నీ తెరుచుకున్నాయి.

నీళ్ళు మెట్ల దాకా వచ్చాయి. రవీందర్ దిగి చూశాడు. డ్రమ్ము ఉన్న చోటు అతనికి బాగా తెలుసు. రోజూ అమల నిలబడే చోటు అదే. అతను చితికిన డ్రమ్మును చూశాడు, తరువాత అమల కాళ్ళను చూశాడు. ఖైసర్ బేగం చెప్పుల్లో ఉన్న ఆ కాళ్ళను అంతసేపు చూడటం అదే మొదలు. బాలకిషన్ ఫోన్ తీసి షెడ్డుకు కలిపాడు.

షెడ్డులో బండ్లు బాగుచేసే గులాం రసూల్, ఖైసర్ బేగం భర్తే. మధ్యాహ్నానికి అద్దం తెచ్చి బిగించాడు, హారన్ వైరు కలిపాడు. బండి వెనక్కి కదిలితే గల్లీ అంతా కూసింది. ఆ కూతకు అమల పైపు అందుకుంది.

బాలకిషన్‌కు మాత్రం మంట తగ్గలేదు. "గిన్ని మాట్లాడుతున్నవ్, నువ్వే నడుపరాదు మరి."

"నేర్పితె నడుపుత," అంది అమల.

అతను నవ్వాడు. గులాం రసూల్ నవ్వలేదు. పానా తుడుచుకుంటూ, "బండి నడుపుడు ఎవరైనా నేర్చుకుంటరు బేటీ," అన్నాడు. "ఆపుడు నేర్చుకునుడే ముష్కిల్. అది నీకు వచ్చు. ఇత్వార్ నాడు షెడ్డుకు రా."

అమల ప్రతి ఆదివారం షెడ్డుకు పోయింది. లలితమ్మ లొల్లి చేసింది. ఆడది బండెక్కితే పేట నవ్వుతుందంది. "నవ్వనీ అత్తమ్మా, నవ్వితె పన్ను వడదు," అంది అమల. కంచన్‌బాగ్ అవతల షెడ్డు వాళ్ళ ఖాళీ జాగాలో గులాం రసూల్ ఆమెను సీటు మీద కూర్చోబెట్టాడు. మొదటి రోజు బండి వణుకు ఆమె పళ్ళ దాకా వచ్చింది. భయమేసింది, దిగలేదు. వాలు మీద తిన్నగా ఎక్కాలి, అడ్డంగా తిప్పితే బోల్తా. గుంత అంచుకు పోవద్దు, అంచు విరుగుతుంది. పాత మట్టిగోడల పక్కన, చక్రాన్ని అదిరించే వైబ్రేటర్ బంద్ చేసి ఉత్త బరువుతో తొక్కాలి, లేకుంటే గోడ పగులుతుంది. బెల్టు లేకుండా తాళం తిప్పొద్దు. దిగేటప్పుడు తాళం తీసి జేబులో వేసుకోవాలి. ఒకసారి ఆమె దిగి, తాళం బండికే వదిలేసి నడిచింది. గులాం రసూల్ తాళం తీసుకుని చాయ్ తాగడానికి పోయాడు. ఆ ఎండలో అమల బండి చుట్టూ వెతుకుతూనే ఉంది. మళ్ళీ ఎప్పుడూ మరవలేదు.

మనుషులు లేని జాగాలో రోలర్ నడుపుతుంటే ఆమెకు ఒక సంగతి వింతగా అనిపించేది. ముందు ఎంత ఆకాశం ఉందో. వెనక నడిచేవాళ్ళకు అది కనబడదు.

చలికాలం దాటాక శిక్షణ కేంద్రంలో పరీక్ష పెట్టారు. పాసైంది. కార్డు ఇచ్చారు. కార్డు మీద ఆమె ఫొటో ఉంది, నెత్తిన గట్టి టోపీతో. లలితమ్మ కార్డును దూరం పెట్టి, దగ్గర పెట్టి చూసింది. "మొగోని తీర్గ ఉన్నవ్," అంది. కార్డు తిరిగి చేతికిస్తూ, "మంచిగనే ఉన్నవ్," అంది.

ఆమెకు బండి ఇచ్చిన రోజు రవీందర్ బండి రిపేరుకు షెడ్డులో ఉంది. చాన్నాళ్ళు ఆగి మళ్ళీ మొదలైన అదే గల్లీ పని, చివరి పొర. పైపుకు మనిషి తక్కువయ్యాడు. పని కావాలంటే రవీందర్ పైపు పట్టాలి. పట్టాడు. అతని ముఖంలో సంతోషమూ లేదు, కోపమూ లేదు. కొత్త చెప్పులు వేసుకున్నవాడి ముఖంలా ఉంది.

అమల తన బూట్లు తానే కడుక్కుని వచ్చింది. బండి చుట్టూ తిరిగి చూసింది, వంగి కింద చూసింది. ఖైసర్ బేగం పరదా తీసి నిలబడింది. బాలకిషన్ ఫోన్ తీశాడు, ఫొటోకు. "పైపు వట్టినోనికి గూడ టోపీ ఇయ్యి అన్నా," అంది అమల. "లేకుంటె బండి లెవ్వదు." అతను సామాన్ల గదికి పోయి టోపీలు తెచ్చాడు. నీళ్ళు కొట్టే ఆడవాళ్ళందరికీ తెచ్చాడు.

ఆమె సీటెక్కి బెల్టు పెట్టుకుంది. తాళం తిప్పింది. అద్దంలో చూసింది. గల్లీ ఉంది, మట్టి ఉంది, రవీందర్ లేడు. మెడ తిప్పి చూసింది. అతను సరిగ్గా చక్రం వెనక నిలబడ్డాడు, ఒకప్పుడు అమల నిలబడే చోట.

"నువ్వు తోలు," అని చెయ్యూపాడు రవీందర్. "ఎనుక నేను చూస్కుంట."

అమల ఇంజన్ బంద్ చేసింది. గల్లీ నిశ్శబ్దమైంది.

"వద్దు," అంది. "ఎనుక చూసుడు సీటు మీదున్నోళ్ళ పని. పక్కకు రా రవీందర్, నాకు కనవడేటట్టు నిలవడు."

ఈసారి అతను ఇజ్జత్ మాట ఎత్తలేదు. పక్కకు వచ్చాడు. టోపీ సర్దుకున్నాడు. అద్దంలో నెత్తి నుంచి కాళ్ళదాకా నిండుగా కనబడ్డాడు.

అమల తాళం తిప్పింది. హారన్ కూసింది. ఆమె మెడ తిప్పి అతన్ని చూస్తూనే బండిని వెనక్కి తీసింది.