పప్పులో నెత్తళ్ల పొడి

సముద్రంలో వేటకెళ్లిన కామేష్ శవం దొరకలేదు. పడవ దొరికింది, వల దొరికింది, మనిషి దొరకలేదు. ఆనాటి నుంచి అతని తండ్రి కూర్మనాథం ఇంట్లో ఆడవాళ్లిద్దరూ నీచు మానేశారు. కామేష్‌ను తిన్న చేపను తామెలా తింటామన్నారు. జాలరిపేటలో ఇది కొత్త కాదు. సముద్రం శవాన్ని తిరిగివ్వని ఇంట్లో కొన్నాళ్లు చేప వండరు. కానీ కొన్నాళ్లే.

భార్య చూడామణి పులిసిన గంజినీళ్లు తప్ప మరేదీ ముట్టకుండా మంచానికి అంటుకుపోయింది. వానలు వెళ్లకముందే పోయింది. కూర్మనాథం ఏడవలేదు. తనను ఒంటరిగా వదిలిపోయినందుకు ఆమెను ఇప్పటికీ క్షమించలేదు.

ఇక మిగిలింది కోడలు దేవి. ఆమె కూడా గోడవైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టింది. కూర్మనాథం ఆమెను ఆటో ఎక్కించి భోగాపురం ఆసుపత్రికి తీసుకెళ్లాడు.

"మనసును నిలబెట్టే సెరటోనిన్ మెదడులో తయారు కావాలంటే ట్రిప్టోఫాన్ కావాలి. అది ఒంట్లో పుట్టదు, తిండిలోంచే రావాలి," అంది డాక్టర్ శైలజ.

"అయితే సేప పెట్టాలన్నమాట."

"చేపే అక్కర్లేదు. పప్పు, గుడ్డు, వేరుశనగ, ఏదైనా సరే. అలాగని ఒకేసారి కుక్కకండి. మాంసకృత్తుల్లో ఉన్నవన్నీ మెదడు గుమ్మం దగ్గర ఒకదాన్నొకటి తోసుకుంటాయి. అన్నం తోడుంటేనే ట్రిప్టోఫాన్‌కు దారి దొరుకుతుంది. అయినా తిండి ఒక్కటే దుఃఖాన్ని తీర్చదు. నేను రాసిన మాత్రలు మానొద్దు. ఆమె ఇష్టపడిందే పెట్టండి."

గుడ్లు కొనుక్కొస్తుంటే ఎదురింటి గౌరి నవ్వింది.

"ఏటి బావా, సముద్రం ఒడ్డున పుట్టి కోడిపెట్టని నమ్ముకున్నావా?"

"నీ నోరు పడిపోను!"

తిట్టాడు గాని ఆ మాట ముల్లులా దిగింది. చేపలో లేని బలం గుడ్డులో ఉంటుందా? గుడ్లు గౌరికే ఇచ్చేశాడు. వేలెడంత ఎండు చేపలు, నెత్తళ్లను, పెరట్లో రోట్లో మెత్తగా దంచాడు. పప్పులో కలిపి, వెల్లుల్లి దండిగా వేసి వాసన చంపాడు.

దేవి తింది. మాత్రలూ వేసుకుంది. కొన్ని వారాలకు లేచి వాకిలి ఊడ్చింది. తల దువ్వుకుంది. ఆ మధ్యాహ్నం కంచం ముందు కూర్చుని అంది:

"పప్పు బాగున్నాది మావా. అత్త సేతి వంటలా ఉన్నాది."

చూడామణి మాట ఎత్తగానే కూర్మనాథానికి ఒళ్లు మండింది.

"మీ అత్త సెయ్యేటి? అది నెత్తళ్ల బలం. అదీ తినుంటే బతికేది."

దేవి చేతిలో ముద్ద ఆగింది.

"ఏటి కలిపినావు?"

"నెత్తళ్ల పొడి. తిన్నావు, లేసి తిరగతన్నావు. ఇప్పుడేటయిపోనాది?"

"ఆయన్ని నాసేత తినిపించినావా, మావా?"

అంతే అంది. పెరట్లోకి పోయి, పేగులు బయటికొస్తాయేమో అన్నట్టు వాంతి చేసుకుంది. తిరిగొచ్చి గోడవైపు పడుకుంది. మాత్రలిస్తే వాసన చూసి విసిరేసింది. అతని చేత్తో ఇచ్చిన నీళ్లు కూడా తాగలేదు. గౌరి తెచ్చిన గంజి రెండు గుక్కలు తాగింది, అంతే.

ఇప్పుడు కూర్మనాథం రోజూ గుడ్డు ఉడకబెడతాడు. పెంకు తీయడు. పెంకు లోపల ఎవరూ ఏదీ కలపలేరని ఆమెకు తెలియాలి.

"ఇటు సూడే దేవీ. పెంకు తియ్యనేదు."

ఆమె ఇటు తిరగదు. సాయంత్రానికి గుడ్డు అలాగే చల్లబడి ఉంటుంది. దాన్ని వీధికుక్కకు విసిరేసి, కూర్మనాథం మర్నాటికి ఇంకోటి కొనడానికి వెళ్తాడు.