ఏడుగురు మిగిలితే

రెండు గోల్సూ ద్రిస్సావే. స్టేడియం అంతా చూసింది. ఆ ఆదివారం రేవు క్లబ్బు గెలిచిందంటే అది ఆ మాలీ దేశపు కుర్రాడి కాళ్ళ చలవే. అయినా ఆట అయ్యాక, ఒంటిమీద చెమట ఆరకముందే, గెలుపు డబ్బు పంచుతుంటే మొదటి కవరు బ్రెజిల్ నుంచి తెచ్చిన వాండర్లే చేతికి పోయింది. అతను ఆ పూట బంతిని తన్నింది తక్కువ, జుట్టు సవరించుకున్నది ఎక్కువ. తర్వాత స్థానికులకు ఇచ్చారు. ఆఖర్న, గిన్నె అడుగు గీకి పెట్టినట్టు, "ఆఫ్రికావాళ్ళకు" ఇచ్చారు.

ఆ ఊళ్ళో నల్లవాళ్ళను అలాగే అంటారు. తాముండే ట్యునీషియా ఏదో వేరే ఖండంలో ఉన్నట్టు.

ద్రిస్సా కవరు విప్పి చూసుకున్నాడు. బ్రెజిల్ వాడికి ఇచ్చినదాంట్లో పదో వంతు కూడా లేదు.

"సీ మొహ్సేన్, రెండు గోల్సూ నేనే కొట్టాను గదా."

సీ మొహ్సేన్, అంటే మొహ్సేన్ గారు, క్లబ్బు అధ్యక్షుడు. అంతకుముందు నుంచీ ఫాస్ఫేట్ లారీల కాంట్రాక్టరు. గని నుంచి రేవుదాకా రాత్రింబవళ్ళు తిరిగే ఆయన లారీల ధాటికి ఊళ్ళో కిటికీలు వణకని పూట లేదు. బల్లమీద పెట్టిన టీ గ్లాసు కూడా గలగలమంటూనే ఉంటుంది. ఆయన కోపగించుకోలేదు. ద్రిస్సా భుజం తట్టాడు.

"గోల్స్ నీవే నాయనా, ఎవరు కాదన్నారు? ధర మాత్రం నీ దేశానిది. బ్రెజిల్ అని పోస్టరు వేస్తే టికెట్లు తెగుతాయి. మాలీ అని వేస్తే ఎవడొస్తాడు చెప్పు?"

కొందరు నవ్వారు. కెప్టెన్ షెద్లీ నవ్వలేదు. అలాగని నోరూ మెదపలేదు. ఆ మాట అతనికి కొత్త కాదు. వయసులో ఉండగా ఫ్రాన్సులో ఒక క్లబ్బువాళ్ళు అతన్ని ఆడించి చూసి, ఇదే ఆట డెన్మార్కువాడు ఆడితే మూడింతలు ఇచ్చేవాళ్ళం, నీది ట్యునీషియా ధర అని మొహం మీదే చెప్పారు. అక్కడ అతను ఆఫ్రికావాడు. ఇక్కడికొచ్చి మరొకణ్ణి ఆఫ్రికావాడంటుంటే వింటున్నాడు.

ఆ సాయంత్రం చేపల బజారు వెనకున్న ద్రిస్సా గదికి వెళ్ళాడు. ఒకే గదిలో ఎనిమిది మంది ఉంటారు. సగం మంది ఆటగాళ్ళు, సగం మంది సీ మొహ్సేన్ లారీ యార్డులో ఫాస్ఫేట్ ఎత్తే కూలీలు. వేరుశనగ పులుసు కలిపిన అన్నం ఒకే పళ్ళెంలో తింటున్నారు. షెద్లీకి చోటిచ్చారు.

"యార్డులో కూడా ఇదే వరస కెప్టెన్," అన్నాడు ఒక కూలీ. "పార ఒక్కటే, దుమ్ము ఒక్కటే. మీవాళ్ళకొక కూలి, మాకొక కూలి. మీవాళ్ళు అడిగితే ఆఫ్రికావాళ్ళు సగానికే వస్తారంటాడు. మేం అడిగితే సరిహద్దుకు బస్సెక్కిస్తానంటాడు."

"మన నివాస కార్డులు ఆయన బీరువాలోనే ఉన్నాయి," అన్నాడు ఐవరీ కోస్ట్ నుంచి వచ్చిన కువామే. "గడువు ఎప్పుడో దాటింది. వీధిలో నిలబడితే చాలు, మనం దొంగలమే."

షెద్లీతో వచ్చిన నిజార్ గుమ్మంలోనే నిలబడ్డాడు. కుడివైపు ఆడే స్థానిక కుర్రాడు. నోటి దురుసు ఎక్కువ.

"వాళ్ళ ఏడుపు వాళ్ళది, మనకెందుకన్నా? వాళ్ళకు పెంచితే మనదే కోస్తాడు."

"మీ అన్న ఇటలీలో ఏం చేస్తున్నాడు నిజార్?" అని అడిగాడు ద్రిస్సా.

"టమాటాలు కోస్తున్నాడు. అయితే?"

"ఇటలీవాడితో సమానంగా ఇస్తున్నారా?"

నిజార్ విసురుగా వెళ్ళిపోయాడు. మిగిలినవాళ్ళు చాలాసేపు వాదించుకున్నారు. చివరికి మాట ఖాయమైంది. వచ్చే ఆదివారం, కోచ్ ఆటగాళ్ళ మార్పులన్నీ వాడేశాక, ఐదుగురు మైదానం విడిచి వెళ్ళిపోవాలి. పదకొండులో ఐదుగురు పోతే ఆరుగురు. ఏడుగురికన్నా తగ్గితే ఆట సాగదు, అది ఎక్కడైనా చట్టమే. ద్రిస్సా, కువామే, ఇంకా ఇద్దరు కలిపి ఆఫ్రికావాళ్ళు నలుగురే. ఐదోవాడిగా షెద్లీ మాటిచ్చాడు. ద్రిస్సా అతని చెయ్యి పట్టుకుని వదలలేదు.

గోడలకు చెవులుంటాయి. శనివారం సీ మొహ్సేన్ కబురు పంపాడు. ఆఫీసులో బాదంపప్పులు, పుదీనా టీ.

"ఇదే నీ ఆఖరి సీజన్ కదా షెద్లీ. మోకాళ్ళు ఎలా ఉన్నాయి? పిల్లల జట్టుకు కోచ్ కావాలి నాకు. నెలజీతం. నీ పేరే అనుకున్నా." ఆయన గ్లాసు దించాడు. అది బల్లమీద సన్నగా గలగలలాడింది. "వాళ్ళు నలుగురే. నలుగురు పోతే ఏడుగురు మిగులుతారు. ఏడుగురు మిగిలితే ఆట ఆగదు. ఇంట్లో పిల్లల మొహం చూసుకో."

షెద్లీ టీ తాగి లేచాడు.

ఆదివారం నలుగురూ చెప్పినట్టే జెర్సీలు విప్పి గడ్డిమీద పెట్టి గీత దాటారు. దాటి వెనక్కి చూశారు. షెద్లీ తన చోటే నిలబడి ఉన్నాడు. ద్రిస్సా కేక వెయ్యలేదు, తిట్టలేదు, చూశాడంతే. ఏడుగురూ ఆడారు. ఓడిపోయారు. జనం సీసాలు విసిరింది సీ మొహ్సేన్ మీద కాదు, ఆ నలుగురి మీద. తిండి పెట్టిన చేతిని కరిచారని అరిచారు. ఫాస్ఫేట్ దుమ్ముతో కళ్ళు ఎర్రబడ్డ ఊరి కూలీలే అలా అరిచారు.

నలుగురినీ పంపేస్తే ఆడేదెవరు? ఒకణ్ణి పంపితే చాలు, మిగతావాళ్ళు దారికొస్తారనుకున్నాడు సీ మొహ్సేన్. ద్రిస్సాను చేపల బజారు దగ్గర పోలీసులు పట్టుకున్నారు. కార్డు అడిగారు. కార్డు బీరువాలో ఉంది. ఎవరు ఫోన్ చేస్తే వచ్చారో ఊరందరికీ తెలుసు. ఇంకొందరు నల్లవాళ్ళతో కలిపి బస్సులో కుక్కి, ఎడారి సరిహద్దులో దింపేశారు.

మర్నాడు మధ్యాహ్నం షెద్లీ ఫోన్ మోగింది.

"కెప్టెన్, ఇక్కడ నీడ లేదు. అటువాళ్ళు ఇటు తోస్తున్నారు, ఇటువాళ్ళు అటు తోస్తున్నారు. ఆడవాళ్ళున్నారు. నీళ్ళు పంపమని ఎవరినైనా అడుగు."

షెద్లీ పోలీసు స్టేషన్ మెట్లెక్కాడు, సీ మొహ్సేన్ గడప తొక్కాడు. సీ మొహ్సేన్ ఊళ్ళో లేడన్నారు. కారు మాత్రం వాకిట్లోనే ఉంది. రెండోసారి ఫోన్ చేస్తే ద్రిస్సా ఎత్తలేదు. ఆ తర్వాత అది మోగడమే మానేసింది. నడిచి వెనక్కొచ్చిన ఒక మనిషి కువామేకు చెప్పాడు, చేతులతో ఇసుక తవ్వి ద్రిస్సాను పూడ్చామని.

చంపింది ఎండ కాదని, పోలీసులొక్కరే కూడా కాదని షెద్లీకి తెలుసు. ఐదోవాడు కదలకపోవడం వల్ల కూడా చచ్చాడు ద్రిస్సా.

మళ్ళీ ఆదివారం వచ్చింది. బట్టలు మార్చుకునే గదిలో షెద్లీ లేచి నిలబడ్డాడు.

"పోయినసారి నేను నిలబడిపోయాను. ఇవాళ నిలబడను. కువామే వాళ్ళు ముగ్గురు, నాతో నలుగురం. మమ్మల్ని తీసేస్తే ఏడుగురు. ఇంకొకడు కావాలి. ఎవరో నేను అడగను."

వాండర్లే తల దించుకుని బూటు లేసు కట్టుకున్నాడు. నిజార్ గోడవైపు చూస్తూ, "చచ్చినవాడు లేచొస్తాడా అన్నా?" అన్నాడు.

ఆఖరి మార్పు అయిపోయాక కువామే గీత దాటాడు. మిగతా ఇద్దరూ అతని వెనకే దాటారు. జనం ఈలలు మొదలుపెట్టారు. అప్పుడు షెద్లీ కెప్టెన్ పట్టీ విప్పి, మధ్య గీతమీద పెట్టి నడిచాడు. ఈలలు ఆగిపోయాయి. తమ ఊరి కెప్టెన్, తమ వాడు, ఆఫ్రికావాళ్ళ పక్కన నిలబడ్డాడు.

ఏడుగురు మిగిలారు. రిఫరీ వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. గద్దె మీద సీ మొహ్సేన్ కాలుమీద కాలు వేసుకున్నాడు. బంతి మళ్ళీ కదిలింది. షెద్లీ కూడా లెక్కపెట్టుకున్నాడు. ఇంత చేసీ అదే లెక్క.

బంతి నిజార్ కాళ్ళ దగ్గరికొచ్చింది. అతను దాన్ని ఆపాడు. ముందుకు తియ్యలేదు. చేతుల్లోకి తీసుకున్నాడు.

"హ్యాండ్‌బాల్," అని అరిచాడు ఎవడో.

నిజార్ బంతిని చంకన పెట్టుకుని గీత దాటి వచ్చాడు. మొహం నిండా కన్నీళ్ళు.

"నిన్న మా అన్నకు ఫోన్ చేశా," అన్నాడు షెద్లీతో. "ఇటలీవాడి కూలిలో సగమట. నీ ధర ఇంతేరా అన్నారట."

రిఫరీ ఈల వేశాడు. ఆరుగురితో ఆట లేదు. అప్పుడు పై వరసలోంచి, యార్డు కూలీల మధ్యలోంచి ఒక గొంతు లేచింది. "ద్రిస్సా." పక్కవాడు అందుకున్నాడు. తర్వాత వరస, ఆ తర్వాత వరస. పోయినవారం సీసాలు విసిరిన చేతులే ఇప్పుడు పిడికిళ్ళయ్యాయి. గద్దె మీది కుర్చీ ఖాళీ అయింది.

లాఠీలు మైదానంలోకి దిగాయి. షెద్లీనీ నిజార్‌నీ జీపులో పడేశారు. స్టేషన్‌లో ఇన్‌స్పెక్టర్ కలం తీశాడు.

"పేరు?"

"షెద్లీ."

"దేశం?"

"ఆఫ్రికా."

చెంప చెళ్ళుమంది. "సరిగ్గా చెప్పు. ఏ దేశం?"

"రాసుకో అన్నా. నీదీ అదే."

ఇంకా కొట్టారు. తెల్లారేసరికి షెద్లీకి ఒక కన్ను తెరుచుకోవడం లేదు. కోచ్ ఉద్యోగం పోయింది, క్లబ్బు పోయింది, ఇంట్లో పిల్లలకు ఏం పెడతాడో తెలియదు. ద్రిస్సా అయితే తిరిగి రాడు. ఆ బాధ దెబ్బలకంటే ఎక్కువ సలుపుతోంది.

కాపలా పోలీసు టీ తెచ్చుకుని, గ్లాసు బల్లమీద పెట్టి, సిగరెట్టు కోసం జేబులు తడుముకున్నాడు. తడుముకుంటూ ఆగిపోయాడు. గ్లాసు వైపు చూశాడు. టీ మీద చిన్న అల కూడా లేదు. లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. రేవు రోడ్డు ఈ కొసనుంచి ఆ కొసదాకా ఖాళీగా ఉంది.

"ఏంటివాళ, ఒక్క లారీ కూడా రాలేదేం?" అన్నాడు తనలో తనే.

కటకటాల వెనక నిజార్ షెద్లీ చెయ్యి పట్టుకున్నాడు, ఆ రోజు గదిలో ద్రిస్సా పట్టుకున్నట్టే.

"యార్డులో ఎంతమంది మిగిలుంటారన్నా?"

షెద్లీ ఆ కదలని గ్లాసు వైపు చూశాడు.

"ఏడుగురు కూడా ఉండరు తమ్ముడూ," అన్నాడు.