చివరిగా ఒక్క మాట

ఉల్లిపాయలు తరుగుతూనే ఆమె గోడకు ఆనించిన లావుపాటి నిఘంటువు వంక తొంగి చూస్తోంది. వచ్చే ఆరాధనలో విశ్రాంతి మీద ప్రసంగమనీ, ఆ హీబ్రూ క్రియేదో కాస్త చూసిపెట్టమనీ పొద్దున్నే భర్త పురమాయించాడు. ఆయన పాస్టరు. వేదాంత కళాశాలలో ఇద్దరూ కలిసి చదివిన భాషే అది, ఆమెకు నిలిచింది, ఆయనకు జారిపోయింది. "మా హీబ్రూ డిపార్టుమెంటు వంటింట్లో ఉంది" అని ఆయన నలుగురిలో అన్నప్పుడల్లా అందరూ నవ్వేవారు. మొదట్లో ఆమె కూడా నవ్వేది.

క్రియ షాబత్. ఆపడం, మానడం. ఆమె తడిచేయి తుడుచుకుని ఒక్కో ప్రయోగమే వెతికింది. సృష్టి పని ముగించి దేవుడు ఆపాడు. ఎడారి దాటిన జనం కొత్త నేల పంట తిన్న మర్నాటి నుంచి, అన్నాళ్లూ ఆకాశం నుంచి వాళ్లకు ఆహారంగా రాలిన మన్నా కురవడం ఆగింది. మోషే మీద రాజు ఫరో చేసిన ఫిర్యాదూ ఇదే, బానిస జనం చేత పని మాన్పిస్తున్నావని. అలిసిపోయారు కనుక ఆపారని ఈ చోట్లలో ఎక్కడా లేదు.

ఆమె మళ్లీ కత్తి అందుకుంది. ఈ ఇంట్లో ఆమెకు కూర్చునే వీలు దొరకాలంటే ఒకటే దారి, "అలిసిపోయావా?" అన్న ప్రశ్నకు అవుననాలి. పడిపోయేంత అలసట ఏనాడూ లేదు కనుక లేదనే అనేది. జ్వరమైనా రాకుండా ఏ మొహంతో కూర్చోవడం? ఈ క్రియ మాత్రం ఆమెను ఏ సంజాయిషీ అడగడం లేదు.

సాయంత్రం ఆ మాటే చెబితే భర్త పెదవి విరిచాడు. "జనానికి కాస్త ఓదార్పుగా ఉండాలోయ్. అలిసినవాళ్లకు ఆపండి అని చెబితే ఏం బాగుంటుంది?" అని, తనకు నచ్చినట్టు రాసుకున్నాడు.

ఆరాధన రోజు వచ్చింది. ఇల్లు చర్చి వెనకే. ఆరాధన అయ్యాక ఆయనతో పాటు పదిమందైనా భోజనానికి వస్తారు. అందుకే ప్రసంగంలో ఆయన "చివరిగా ఒక్క మాట" అనగానే ఆమె లేచి, పక్క తలుపులోంచి పొయ్యి దగ్గరికి పరుగెత్తడం మామూలు. ఆమెకు ముందు అత్తగారిదీ అదే పరుగు, మామగారు పాస్టరుగా ఉన్న రోజుల్లో; ఇప్పటికీ కోడలి వెనకే సాయానికి లేస్తుంది.

ఈసారి పొద్దున ఆమె రొట్టె, పళ్లు బల్ల మీద పెట్టి గుడ్డ కప్పింది. పొయ్యి వెలిగించలేదు.

"చివరిగా ఒక్క మాట" అన్నాడు ఆయన. అలవాటుగా ఆయన చూపు పక్క తలుపు మీదికి వెళ్లింది. తలుపు కదల్లేదు. ఆ చూపు వరసలన్నీ వెతికి ఆమె దగ్గర ఆగింది.

పక్కన కూర్చున్న అత్తగారు మోచేత్తో పొడిచి, "లేవవేమే?" అంది గుసగుసగా.

"ఇవాళ మానేశానత్తయ్యా."

"ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది."

అత్తగారు కోడలి మొహంలోకి చూసింది. తనే సగం లేచింది. ముందు బెంచీ పట్టుకుని కాసేపు అలా వంగే నిలబడి, మెల్లగా మళ్లీ కూర్చుంది. కళ్లజోడు సర్దుకుంది.

"ఉండు, ఏం చెబుతాడో విందాం" అంది. "ఆ చివరి మాటేమిటో నేనూ ఎప్పుడూ వినలేదు."