పట్టీలు లేని బోర్డు

నేను ఒక బోర్డును. ఏ బోర్డువని మాత్రం అడగకండి, నా తికమక అక్కడే మొదలవుతుంది. బడిలో గోడకు ఉండేదాన్ని కాను, దుకాణం ముందు పేరు రాసి తగిలించేదాన్ని కాను. కొందరు మనుషులు సముద్రంలో నిలబడి, ఆకాశంలోకి పెద్ద గాలిపటం ఎగరేసి, దాని తాళ్లు నడుముకు తగిలించుకుని, అది లాగినకొద్దీ నీళ్లమీద పరుగెడుతుంటారు. అప్పుడు వాళ్ల కాళ్ల కింద ఒకటి ఉండాలి కదా, అది నేను. ఉండాలి అంటున్నాను గానీ ఇప్పుడు ఉన్నానా అని అడిగితే చెప్పడం కష్టం. కథంతా చెప్పాక మీరే తేల్చండి.

మాలో రెండు రకాలు. కొన్ని బోర్డులకు పైన చెప్పులకు ఉన్నట్టు వెడల్పాటి పట్టీలుంటాయి. మనిషి అందులో పాదాలు దూర్చి బిగించుకుంటాడు, ఇక ఎగిరినా దూకినా బోర్డు ఎక్కడికీ పోదు. నాకు ఆ పట్టీలు లేవు. నా మీద నిలబడేవాళ్లకూ నాకూ మధ్య ఉండేది కాస్త మైనం, కాస్త గాలి. మైనం పాదం జారకుండా చూస్తుంది. పైకి లేచినప్పుడు గాలి కింది నుంచి నన్ను పాదాలకు అదిమిపెడుతుంది. అంతకుమించి ఆధారం లేదు. ఇందులో ఎవరు ఎవరిని పట్టుకున్నట్టో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

నేను పుట్టింది భీమిలి దాటాక ఒక జాలరిపేటలో, ఫైబర్ పడవలు బాగుచేసే పాకలో. నన్ను చేసినవాడు మైలపల్లి ఎల్లాజీ. వయసులో ఉన్నప్పుడు చెక్క తెప్ప మీద వేటకు వెళ్లేవాడు. ఆ పేటలో వేట అంటే చేపల వేటే. తెప్పల కాలం పోయి ఫైబర్ పడవలొచ్చాయి, ఆయన మోకాళ్లు కూడా మొరాయించాయి. అప్పటి నుంచి ఒడ్డున కూర్చుని పడవల పగుళ్లకు ఫైబర్ గుడ్డ, జిగురు వేసి అతుకుతున్నాడు. నన్ను చేసింది మాత్రం ఏ బేరానికీ కాదు, తన కూతురు పోలేశ్వరి కోసం.

పోలేశ్వరి రొయ్యల కంపెనీలో పనిచేసేది. ఐసులో రొయ్యలు ఒలిచి ఒలిచి ఆమె వేళ్ల చివర్లు తెల్లగా నాని ఉండేవి. సెలవు దొరికితే చాలు, పక్కనున్న నీటి ఆటల కేంద్రానికి పోయేది. మొదట అక్కడ బోర్డులు కడిగింది, తర్వాత వాటి మీద ఎక్కింది, ఎవరూ పిలవకుండానే గాలిపటం పట్టడం కూడా నేర్చేసుకుంది. ఆ కేంద్రం నడిపే ఉదయభాస్కర్ గారు ఆడపిల్లలకు ఈ ఆట నేర్పడానికి ఒక టీచరును పెట్టుకోవాలనుకున్నారు. బయటి ఊరి నుంచి పరీక్షించేవాళ్లు వస్తారు. చిన్న అలల మీద నడిపి చూపించాలి, గాలిలోకి లేచి విన్యాసాలూ చెయ్యాలి. రెండూ పట్టీలు లేని బోర్డు మీదే. ఆ పని దొరికితే పోలేశ్వరి మళ్లీ ఐసు గది మొహం చూడక్కర్లేదు. దొరక్కపోతే సోమవారం పొద్దున్నే కంపెనీ బస్సు ఎలాగూ వస్తుంది.

ఇక బోర్డు ఎంచుకోవడం దగ్గర గొడవ మొదలైంది. చిన్న అలకు బలం ఉండదు. దాని మీద తేలాలంటే బోర్డు వెడల్పుగా, వెనక లావుగా, అడుగు చదునుగా ఉండాలట. గాలిలోకి ఎగరాలంటే పొట్టిగా, తేలిగ్గా ఉండాలట. లావుగానూ తేలిగ్గానూ ఒక్కటే ఎలా ఉంటుందో నన్ను కనబోయేవాళ్లు ముందు ఆలోచించుకోవాల్సింది. కేంద్రంలో పై దేశం నుంచి తెప్పించిన పసుపు బోర్డు ఒకటుంది. అది ఎగరడంలో దిట్ట. కానీ మా ఒడ్డు అలల్లో దిగితే ముక్కు ముంచేసి ఆగిపోయేది. అందుకని మన అలలకు తగ్గది మనమే చేసుకుందామన్నారు ఉదయభాస్కర్ గారు.

ఆయన రోజూ ఫోనులో వీడియోలు చూసి పాకకు వచ్చేవారు. ఒకరోజు "కొంచెం లావుంచు ఎల్లాజీ" అనేవారు. మర్నాడు "మరీ లావైపోయింది, తగ్గించు" అనేవారు. ఎల్లాజీ రెండింటికీ తలాడించి, ఆయన వెళ్లాక తన చేతికి తోచినట్టు చెక్కేవాడు. నేను అప్పటికి ఒక ఫోమ్ దిమ్మను. పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా ఉంటూ, చివరికి నేను ఎవరిని కావాలో తెలియక అయోమయంలో పడ్డాను. పుట్టకముందే ఇంత చర్చ జరిగినవాళ్లు ఇంకెవరైనా ఉన్నారేమో నాకు తెలియదు.

ఎల్లాజీ నాకు తెప్పకున్నట్టు కోసుగా ముక్కు చెక్కాడు. ఎండలో పెట్టడానికి మోసుకొస్తుంటే అది పాక గుంజకు తగిలి విరిగింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, నిట్టూర్చి, విరిగిన చోట రంపంతో తిన్నగా కోసేశాడు. ఉదయభాస్కర్ గారు వచ్చి "ముక్కేదయ్యా?" అని తల పట్టుకున్నారు. తర్వాతెప్పుడో మళ్లీ వచ్చి, కొత్తగా వచ్చేవన్నీ ఇలా మొండిముక్కువేననీ, బరువు తగ్గి ఎగరడానికి వీలుగా ఉంటుందనీ, అసలు ఈ ఆలోచన తనకు మొదటి నుంచీ ఉందనీ చెప్పారు. ఎల్లాజీ దానికీ తలాడించాడు.

అంతా బాగానే ఉంది గానీ పట్టీలు లేకపోవడం ఎల్లాజీకి మింగుడుపడలేదు. ఒకరోజు పాత హవాయి చెప్పుల పట్టీలు తెచ్చి నా మీద పెట్టి కొలుస్తున్నాడు. పోలేశ్వరి చూసి లాగేసుకుంది.

"కట్టకుండా ఎలగుంటాదే? తెప్ప మీద గంజికుండ కూడా తాడేసి కట్టుకునీవోళ్లం. నువ్వు మడిసివి. ఉత్తినే నిలబడిపోతావేటి?" అన్నాడు.

"కడితే నన్ను తీసేత్తారయ్యా. కట్టకుండా నిలబడ్డమే ఆట."

"ఇదేం ఆటే తల్లీ," అన్నాడు ఎల్లాజీ. ఆ చెప్పుల పట్టీలు చూరులో దోపి ఉంచాడు, ఎప్పటికైనా అడుగుతుందని కాబోలు.

నేను తయారయ్యాక కూడా నా సంగతి ఎవరికీ స్పష్టంగా లేదు. పోలేశ్వరి లేనప్పుడు వాళ్లమ్మ నా మీద నెత్తళ్ల చేపలు ఎండబెట్టింది. పక్కింటావిడ వచ్చి ఇస్త్రీ బల్ల చాలా వెడల్పుగా ఉందని మెచ్చుకుని, రెండు చీరలు ఇస్త్రీ చేసుకుని వెళ్లింది. అలల మీద నడవాల్సిన నన్ను ఇలా వాడుకుంటున్నారని మొదట కోపం వచ్చింది. పోనుపోను, వాళ్లే సరిగ్గా అర్థం చేసుకున్నారేమో, నేనే అపార్థం చేసుకున్నానేమో అని అనుమానం కూడా వచ్చింది.

పోలేశ్వరి ఒకరోజు నన్నూ, ఒకరోజు పసుపు బోర్డునూ తీసుకుని సముద్రంలోకి దిగేది. నా మీద ఉన్నప్పుడు అలల మీద నవ్వేది, ఎగరబోయే ముందు పళ్లు బిగించేది. పసుపుదాని మీద ఉన్నప్పుడు సరిగ్గా దీనికి తలకిందులుగా ఉండేది. పరీక్షకు ఒక్కటే బోర్డు తీసుకోవాలి. అడిగినవాళ్లకు చెప్పకుండా, అన్నం సయించకుండా, ఆ పిల్ల ఎంత నలిగిపోయిందో నాకు తెలుసు. ఆఖరికి ఒక సాయంత్రం ఉదయభాస్కర్ గారితో అంది.

"సార్, అయ్య సేసిందే తీసుకుంటాను."

"మీ నాన్న చేశాడని కాదు కదా, పోలేశ్వరీ?"

"కాదు సార్. ఈ నెల్లో గాలి పల్చన, అలలు సిన్నవి. ఇది ఎగరడంలో కూసింత మందమే గానీ అలలో ఆగిపోదు. అలలోనే ఆగిపోతే ఎగిరీదాకా ఎలగెల్తాను?"

ఆయన ఒప్పుకున్నారు. నాకు ఆనందంతో కాళ్లూ చేతులూ ఆడలేదందును గానీ అవి నాకు లేవు. ఆ పిల్ల చెప్పింది నిజమేనా, లేక తండ్రి మీద ప్రేమనే అలలూ గాలీ అని పేరు మార్చి చెప్పిందా అన్నది మాత్రం అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు.

పరీక్ష రోజు తెల్లవారుతూనే ఎల్లాజీ నా దగ్గరికొచ్చాడు. పసుపు రాశాడు, కుంకుమ పెట్టాడు, గంగమ్మను తలుచుకుని నిమ్మకాయ తిప్పాడు. అక్కడితో ఆగితే ఏ గొడవా లేకపోయేది. చూరులోంచి ఒక సీసా తీశాడు. అందులో సొర నూనె ఉంది, సొరచేప కాలేయం కరిగించి తీసేది. చెక్క తెప్పలున్న రోజుల్లో దాన్ని పట్టించందే తెప్పను వేటకు దించేవాళ్లు కాదు. ఫైబరుకు నూనె అక్కర్లేదని ఆయనకు తెలియక కాదు. పోలేశ్వరి తల్లి కూడా అదే అడిగింది, ఇన్నాళ్లూ ఆ బోర్డు సముద్రంలో తడవలేదా అని.

"ఉత్తినే తడవడం వేరు, వేటకి దిగడం వేరు," అన్నాడు ఎల్లాజీ.

నన్ను ఒళ్లో పెట్టుకుని, అరచేత్తో, పైనా కిందా, ఒక్క చోటు వదలకుండా నూనె పట్టించాడు. పోలేశ్వరి పాదాలు పెట్టే చోట మరీ ఎక్కువ పట్టించాడు. పట్నం నుంచి వచ్చేవాళ్లు చూసి నవ్వుతారని తర్వాత గుడ్డతో తుడిచేశాడు. నన్ను ఎవరూ అంత ప్రేమగా ముట్టుకోలేదు. ఏదో తప్పు జరుగుతోందని నాకు తెలుస్తూనే ఉంది. అయినా ఆ చెయ్యి తియ్యకూడదని కూడా అనిపించింది.

పోలేశ్వరి వచ్చి నన్ను చంకన పెట్టుకుని వెళ్లింది. వాసన పట్టలేదు, పేటంతా చేపల వాసనే కదా. ఒడ్డున కూర్చుని మైనం రుద్దింది. మైనం అంటుకున్నట్టే అంటుకుని ఉండలు కట్టింది. ఎండకు మెత్తబడిందనుకుంది. అప్పటికే ఆమె పేరు పిలిచారు.

ఒక్కొక్కరికీ రెండుసార్లు అవకాశం. మొదటిసారి గాలిపటం లాగగానే మేమిద్దరం బాగానే బయలుదేరాం. మొదటి అల మీద ఆమె మలుపు తిప్పబోయింది, నేను తిరిగాను, ఆమె పాదాలు మాత్రం తిన్నగా వెళ్లిపోయాయి. నేనొక పక్క, ఆమె ఒక పక్క. నీళ్లలోంచి లేచి నన్ను అందుకుని, నా వీపు మీద వేలితో గీసి, ఆ వేలు ముక్కు దగ్గర పెట్టుకుంది. ఒడ్డున నిలబడ్డ తండ్రి వైపు చూసింది.

మిగతావాళ్ల వంతులు నడుస్తుండగా ఆమె మోకాలిలోతు నీళ్లలో కూర్చుని, అంట్లగిన్నె తోమినట్టు తడి ఇసుకతో నన్ను తోమడం మొదలుపెట్టింది. ఉదయభాస్కర్ గారు పసుపు బోర్డు పట్టుకుని పరుగెత్తుకొచ్చారు. బోర్డు మార్చుకోవచ్చని పరీక్షించేవాళ్లు ఒప్పుకున్నారన్నారు. ఆమె వినలేదు. చేతులు ఎర్రబడేలా తోముతూనే ఉంది. అప్పుడు ఎల్లాజీ పంచె తడుస్తున్నా చూసుకోకుండా, మోకాళ్లు పట్టుకుని మెల్లగా నీళ్లలోకి దిగాడు.

"నూనె ఎట్టింది నేనే," అన్నాడు.

"తెలుసయ్యా."

"ఆ పసుపుదాన్నట్టుకెల్లు."

"ఇసక్కి పోద్ది. కూసింత సేపాగితే పోద్ది."

"పోదు. సొర నూనె సంగతి నాకు తెల్దేటి." కూతురి చేతుల్లోంచి నన్ను తీసుకున్నాడు. ఆమె వెంటనే వదల్లేదు. "పోలేశూ, దీన్ని నీకోసం సేసేను. నువ్వు నాకోసం ఎక్కకు."

ఆమె వదిలేసింది. పసుపు బోర్డు తీసుకుని, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. నన్ను ప్రేమతో చేసినవాడే, ప్రేమతో పాడుచేసినవాడే, ప్రేమతోనే నన్ను కాదన్నాడు. ఈ మనుషుల లెక్క నాకు ఏ వైపు నుంచి చూసినా కుదరలేదు.

ఎల్లాజీ నన్ను ఒడ్డున ఇసుక మీద పడేసి, ధ్యాస అంతా సముద్రం మీద పెట్టి, తెలియకుండానే నా మీద ఎక్కి నిలబడ్డాడు. అక్కడ పసుపుది అనుకున్నట్టే చేసింది. మొదటి అలలో ముక్కు ముంచింది. పోలేశ్వరి ముందుకు తూలి, మోకాళ్లు వంచి, ఎలాగో నిలదొక్కుకుంది. రెండో అలలోనూ తడబడింది. పరీక్షించేవాళ్లు తలలు వంచి ఏదో రాసుకుంటున్నారు. ఇంతలో గాలి కొంచెం బలంగా వీచింది. ఆమె గాలిపటాన్ని నెత్తిమీదికి తెచ్చి ఒక్కసారిగా నీళ్లను వదిలేసింది.

పసుపు బోర్డు ఆమె పాదాల కింద ఉంది. దాన్ని ఏదీ కట్టిపెట్టలేదు. ఇక్కడ ఎల్లాజీ కాలివేళ్లు నా వీపును నొక్కిపట్టాయి. పట్టుకోవడానికి అక్కడేమీ లేదు, అంతా నూనె, జారుతోంది. అయినా పట్టుకున్నాడు. ఆమె గాలిలో తిరుగుతున్నంతసేపూ ఆ వేళ్లు వదల్లేదు, ఊపిరి కూడా వదల్లేదు. ఆమె కిందికి దిగి, నీళ్లు చిమ్మి, నిలబడి ముందుకు సాగాక గానీ ఆ వేళ్లు సడలలేదు. నేను ఇసుక మీదే ఉన్నాను. ఎగిరి దిగినట్టు ఎందుకనిపించిందో తెలియదు.

అలల దగ్గర ఆమెకు మార్కులు తక్కువే వచ్చాయట, ఎగరడంలో అందరికంటే ఎక్కువట. పరీక్షించేవాళ్లు చాలాసేపు గుసగుసలాడుకుని ఆమె పేరే చెప్పారు. సోమవారం కంపెనీ బస్సు వచ్చి, హారను కొట్టి, ఆమె లేకుండానే వెళ్లింది.

ఇప్పుడు నేను పాక ముందు ఇసుక మీద పడుకుని ఉంటాను. సాయంత్రాలు ఎల్లాజీ ఒక చేపల పెట్టె బోర్లించి కూర్చుని, ఇంకా వేడి తగ్గని ఇసుక తగలకుండా నా మీద పాదాలు పెట్టుకుంటాడు. చేతులు పడవ పని చేస్తుంటాయి, కళ్లు సముద్రం మీద ఉంటాయి. అక్కడ పోలేశ్వరి పిల్లలకు ఏ బోర్డు ఎందుకు ఎంచుకోవాలో చెప్పి, కాసేపటికి తానే చేసి చూపిస్తుంది. ఆమె నీళ్లను వదిలిన ప్రతిసారీ ఇక్కడ ఆ కాలివేళ్లు బిగుసుకుంటాయి. ఎండలకూ వానలకూ నూనె ఎప్పుడో పోయింది. అయినా నన్ను ఎవరూ నీళ్లలోకి దించలేదు. ఇంతకీ నేను బోర్డునా, కాళ్లు పెట్టుకునే పీటనా అని అడిగితే ఇప్పటికీ చెప్పలేను.

ఒకటి మాత్రం ఉంది. వారానికోసారి పోలేశ్వరి వచ్చి, నా ముందు కూర్చుని, పాత మైనం గీకేసి కొత్తది రుద్దుతుంది. అంతటా కాదు, తండ్రి పాదాలు ఆనే చోట. మొన్న ఉదయభాస్కర్ గారు అటు వెళ్తూ చూసి ఆగారు.

"ఎవరూ ఎక్కని బోర్డుకు మైనం దేనికి, పోలేశ్వరీ?"

ఆమె రుద్దడం ఆపలేదు.

"అయ్య ఎక్కుతున్నాడు గదా సార్. నేను ఎగిరినప్పుడల్లా."