నాలుగడుగుల సింహద్వారం

"ఎల్ఈడీ పట్టీలు" అని డ్రామా మాస్టారు ఫోనులో అన్నమాట, కుట్టుమిషను చప్పుడులో నలిగి, ఆయన భార్య చెవిలో "లేడీ పట్టీలు"గా దిగింది. మిషను ఆగింది. అవతలివాళ్ళు పొడవు అడిగినట్టున్నారు, మాస్టారు తడుముకోకుండా ఇరవై మీటర్లన్నారు. చవకవే చూడమని కూడా అన్నారు.

ఎవతెకో పట్టీలు కొంటున్నాడన్న కోపం ఆమెకు ఒకవైపు, అందులోనూ చవకవి కొంటున్నాడన్న సిగ్గు ఇంకోవైపు. ఫోను పెట్టేదాకా ఓపిక పట్టి అడిగింది.

"ఇరవై మీటర్లా? ఆవిడ మనిషా, జెర్రా?"

విషయం తేలడానికి అరగంట పట్టింది, ఆమె తేరుకోవడానికి ఇంకో అరగంట. అవి కాళ్ళకు కట్టుకునేవి కావనీ, నాటకంలో అట్టకోటకు అంటించేవనీ, రిబ్బనులా చుట్టగా వస్తాయనీ, ఆ రిబ్బను పొడుగునా చిట్టి దీపాలుంటాయనీ మాస్టారు ఒట్టేసినంత పనిచేసి చెప్పారు. ఆమె నమ్మింది. నమ్మి, షాపుకి తనూ వస్తానంది.

నిజానికి మాస్టారి గుండె ఆ దీపాల కంటే ఎక్కువగా మిణుకుమంటోంది. బడిలో శుక్రవారం చివరి పీరియడు నాటకానిది. దానిమీద లెక్కల మాస్టారు రెండేళ్ళుగా కన్నేశారు. పోయిన ఏడాది అద్దెకు తెచ్చిన లైట్లు మొదటి రంగంలోనే ఆరిపోయి, చూడాల్సిన నాటకాన్ని జనం చీకట్లో కూర్చుని వినాల్సి వచ్చింది. ఈసారి కూడా నవ్వులపాలైతే ఆ పీరియడు లెక్కలకు రాసిస్తానని హెడ్‌మిస్ట్రెస్ ఖరాఖండీగా చెప్పేశారు. దీపం ఆరిందంటే పీరియడు జారిందన్నమాటే.

షాపాయన బల్లమీద మూడు చుట్టలు పరిచాడు. రిమోట్ నొక్కితే రంగులు మార్చేది ఒకటి. నీళ్ళు పడ్డా చెడకుండా పైన జిగురు పూత ఉన్నది ఇంకొకటి. మూడోది ఒకటే రంగు, పసుపు వెలుగు, దీపాలు కాస్త ఎడంఎడంగా ఉంటాయి. మాస్టారి భార్య ఊళ్ళో సగంమంది జాకెట్లు కుట్టిన మనిషి. మూడింటినీ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి చూసింది. బట్ట వెడల్పు అడిగినట్టు పన్నా ఎంతని అడిగింది. ఉతికితే వెలుస్తుందా అని కూడా అడిగింది.

"ఇది వెలిగేదే గానీ వెలిసేది కాదమ్మా," అన్నాడు షాపాయన. "మీకు దణ్ణం పెడతా, ఉతక్కండి."

స్టేజీ మీద వాన పడదు కాబట్టి పూత దండగ, రాజు ఒక్కడే కాబట్టి రంగూ ఒకటి చాలునని ఆమె తీర్పు చెప్పింది. మూడో రకానికి బేరం మొదలైంది. చుట్ట చవకదైనా పరవాలేదు గానీ, కరెంటు ఇచ్చే అడాప్టరు మాత్రం గట్టిదే తీసుకోండి, అది వేడెక్కి ఆగితే మొత్తం ఆగుతుందని షాపాయన హెచ్చరించాడు. పోయిన ఏడాది చీకటి ఇంకా కళ్ళముందే ఉన్న మాస్టారు మారుమాట్లాడకుండా గట్టిదే తీసుకున్నారు. ఆమె పట్టీల మీద ఇంకో పది తగ్గించమని వాదిస్తున్నప్పుడే షాపాయన మాస్టారికి ఇంకో సంగతి కూడా చెప్పాడు. పట్టీ మీద ప్రతి మూడు దీపాలకూ ఒక కత్తెర బొమ్మ ఉంటుంది, అక్కడే కత్తిరించాలి అని. మాస్టారు తల ఊపారు. ఆ తలలో అప్పుడు రెండో రంగం నడుస్తోంది.

ఇంటికొచ్చాక పట్టీల పని ఆమె చేతిలో పెట్టి ఆయన రిహార్సలుకు పోయారు. ఆమె అట్టకోటకు కొలతలు తీసింది. చుట్టలో ఎక్కువభాగం కోయకుండా గోడలకే పోయింది, సింహద్వారానికి సరిపోయేంతే మిగిలింది. సింహద్వారం ఎత్తు ఐదున్నర అడుగులు. రెండువైపులా ఉన్న స్తంభాలకు మధ్యమధ్య ఉబ్బులు ఉన్నాయి కాబట్టి, చేతులూ కఫులూ విడివిడిగా కోసినట్టు, స్తంభానికి నాలుగు ముక్కల లెక్కన కోసింది. అలవాటు కొద్దీ ప్రతి ముక్కకూ అటూ ఇటూ అరంగుళం కుట్టుకు వదిలింది. కత్తెర బొమ్మలు కనబడకపోలేదు. బట్ట అంచు మీద మిల్లు గుర్తు ఉంటుంది కదా, ఇదీ అలాంటిదే అనుకుంది.

నాటకం రోజు పొద్దున బడి ఎలక్ట్రీషియన్ ఆ ముక్కలు చూసి, ముందు కత్తిరించినవాళ్ళను చూడాలన్నాడు. బొమ్మ ఉన్నచోటే రాగి చుక్కలుంటాయి, వైరు అక్కడే అతుకుతుంది, ఇంకెక్కడా పట్టదు అని వివరించాడు. చేసేదేమీ లేక ప్రతి ముక్కనూ రెండు కొసల్లోనూ బొమ్మ దాకా వెనక్కి కోసుకొచ్చాడు. కుట్టుకు వదిలింది కాక, అసలు కొలతలోనే ముక్కకు నాలుగున్నర అంగుళాలు పోయింది. వైర్లు అతికి, అంటించి వెలిగిస్తే, మధ్యమధ్య నల్లటి సందులతో సింహద్వారం పళ్ళూడిన నోరులా నవ్వింది. కొత్త చుట్టకు షాపుకి ఫోను చేస్తే ఆ రకం అయిపోయిందన్నారు.

మాస్టారు కోట ముందు కూలబడ్డారు. అట్ట సింహాసనం మీద కూర్చోబోయి, అది అట్టని గుర్తొచ్చి, నేలమీదే కూలబడ్డారు. షాపాయన చెప్పిన బొమ్మ సంగతి అప్పుడు గుర్తొచ్చింది గానీ, ఆ సమయంలో చెబితే ఏమవుతుందో తెలిసి మింగేశారు.

ఆమె మాత్రం నడుం మీద చేతులు పెట్టుకుని ఆ ద్వారాన్ని ఎగాదిగా చూసింది.

"గుడ్డ చాలకపోతే ఒంటిని కోయలేం," అంది. "ఇది ఒళ్ళు కాదు కదండీ, అట్ట. లేవండి."

పట్టీని కోటకు సరిచేయడం మానేసి కోటనే పట్టీకి సరిచేసింది. స్తంభాలను కిందినుంచి కోసి, కమాను దించి, ముక్కలను సందు లేకుండా అంటించింది. వెలిగిస్తే ద్వారం బంగారం పోత పోసినట్టుంది. ఎలక్ట్రీషియన్ కూడా మెచ్చుకున్నాడు. అందులోంచి మనుషులు నడవాలన్న సంగతి మాత్రం ఎవరికీ తట్టలేదు.

మధ్యాహ్నం హాలు తెరలు దించి నాటకం మొదలెట్టారు. కథ, ఎవరికీ తల వంచని ఒక రాజుది. రాజు వేషం పదో తరగతిలో అందరికంటే పొడవైన అమ్మాయిది. భటులూ చెలికత్తెలూ చిన్న తరగతులవాళ్ళు, ద్వారంలోంచి హాయిగా నడిచొచ్చారు. రాజుగారు ఠీవిగా వచ్చారు, గుమ్మం దగ్గర వంగినా చాలక కమానుకు తగిలి కిరీటం ముక్కు దాకా దిగింది. హాలు ఘొల్లుమంది. ముందు వరసలో లెక్కల మాస్టారు టైంటేబులు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

ఆ అమ్మాయి తెలివైనది. రెండోసారి నడుం సగానికి మడిచి, బాతులా దూరి వచ్చి, నిటారుగా నిలబడి, "ఈ భూమ్మీద నేను తల వంచాల్సిన చోటు లేదు" అంది. ఆ నాటకంలో రాజుగారి రాకపోకలు పదకొండు. ప్రతిసారీ వంగడమూ, ప్రతిసారీ అదేమాట. చివరికొచ్చేసరికి జనం నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంటున్నారు. తెర పక్కన మాస్టారు మాత్రం శుక్రవారానికి మనసులోనే వీడ్కోలు చెప్పేశారు.

తెర పడగానే బడి కరస్పాండెంటు గారు మైకు అందుకున్నారు. ఎవరికీ వంగని అహంకారం సొంత గుమ్మం ముందు పదకొండుసార్లు వంగిందని, ఇంత లోతైన ఆలోచన ఒక్క మన మాస్టారికే వస్తుందని, గుమ్మం ఎత్తు తగ్గించడంలోనే నాటకం ఎత్తు పెరిగిందని ఉపన్యసించారు. చప్పట్లు మోగాయి. మాస్టారు రెండు చేతులూ జోడించి, ఆ లోతంతా తనదే అన్నట్టు ముందుకొచ్చారు.

పొద్దుటినుంచి అట్ట కోసి బొబ్బలెక్కిన చేతులతో ఆయన భార్య తెర పక్కన నిలబడి వింటోంది. కరస్పాండెంటు గారు "ఒక్క మాస్టారికే" అన్నమాట రెండోసారి అనగానే స్టేజీ మీదికొచ్చి మైకు తీసుకుంది.

"కోపగించుకోకండి సార్, అందులో లోతేమీ లేదు," అంది. "బొమ్మ ఉన్నచోట కోయాలని నాకు తెలీదు. కుట్టుకు వదిలి మరీ ఎక్కడపడితే అక్కడ కోశాను. ముక్కకు నాలుగున్నర అంగుళాలు పాడైంది, స్తంభానికి నాలుగు ముక్కలు. పట్టీ చాలక ఐదున్నర అడుగుల గుమ్మాన్ని కురచ చేశాను. రాజుగారిని వంచింది మా ఆయన ఆలోచన కాదు, నా కత్తెర."

మాస్టారి చేతులు జోడించినవి జోడించినట్టే ఉండిపోయాయి. షాపులో బొమ్మ సంగతి తనకు చెప్పారని, తానే ఇంట్లో చెప్పడం మరిచానని ఆయన కూడా నీళ్ళు నములుతూ ఒప్పుకున్నారు. హెడ్‌మిస్ట్రెస్ లెక్కల మాస్టారి వైపు తిరిగారు.

ఆయన అప్పటికే టైంటేబులు వెనకవైపు పెన్సిలుతో ఏదో వేస్తున్నారు. నాలుగున్నర నాలుగుసార్లు పద్దెనిమిది, అరవై ఆరులోంచి పద్దెనిమిది పోతే నలభై ఎనిమిది అంగుళాలు, అంటే సరిగ్గా నాలుగడుగులు అని లేచి ప్రకటించారు. "లెక్క తప్పలేదండీ, ఆవిడ చెప్పింది నిజమే," అన్నారు.

"నాటకంలోనే లెక్కలు కూడా వస్తున్నాయిగా మాస్టారూ," అన్నారు హెడ్‌మిస్ట్రెస్ కళ్ళు తుడుచుకుంటూ. "ఇక మీకు విడిగా ఆ పీరియడు ఎందుకు?"