సామాన్ల గదిలో నెమలి

రెండు వేల నాలుగులో, వానలు ముదిరిన రోజుల్లో ఒక మధ్యాహ్నం, జయకుమారి డ్యూటీ దిగి ఇంటికి వచ్చేసరికి కూతురు ఫెయిత్ పెరట్లో గోడవారగా గొంతుక్కూర్చుని ఉంది. ఆ పిల్ల ముందు, ఏడాది కూడా నిండని మగ నెమలి. రెండు కళ్లూ పొక్కులు కట్టి మూసుకుపోయాయి. ముక్కు మీద, కళ్ల చుట్టూ గోధుమరంగు పుండ్లు. మనుషుల అలికిడికి మెడ సాచుతోంది గానీ ఎటు పోవాలో దానికి తెలియడం లేదు.

దేశ రాజధానిలో, బేర్ సరాయ్ పక్కన కట్వారియా సరాయ్‌లో వాళ్లది కింది వాటా. పెరటి గోడ దాటితే అడవి. నెమళ్లు గోడ మీదకి రావడం, మేడ మీద వాటాలో ఉండే సదాశివరావు గారు చల్లే గింజలు తినడం రోజూ ఉండేదే. జబ్బు చేసిన నెమలిని దగ్గరగా చూడడం మాత్రం జయకుమారికి అదే మొదలు.

ఆమె ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో స్టాఫ్ నర్సు. భర్త సిలాసు అక్కడే ఎక్స్‌రే తీస్తాడు. సిలాసు మునీర్కాలో కుక్కలకు వైద్యం చేసే డాక్టరు దగ్గరికి వెళ్లి అడిగాడు. ఆయన దాచకుండా చెప్పాడు, తనకు పక్షుల సంగతి తెలియదని. కోళ్లకు వచ్చే మశూచి లాంటిదే అయివుంటుందని, కళ్లు కడిగి తిండి పెడితే బతకవచ్చని అన్నాడు. పక్షుల ఆసుపత్రి ఊరికి ఆ చివర ఉంది. నెమలిని ఎక్కించుకోమంటే ఆటోవాళ్లెవరూ ఒప్పుకోలేదు. పోలీసులు పట్టుకుంటారని వాళ్ల భయం. జంతువులను కాపాడే సంస్థకు ఫోన్ చేస్తే, వాళ్లకున్నది ఒకటే వ్యాను, వీలు చూసుకుని వస్తామన్నారు.

వాళ్లు వచ్చేదాకా ఇంట్లోనే చూద్దామనుకుంది జయకుమారి. సామాన్ల గదిలో గోనెపట్టా పరిచింది. ఫెయిత్ తువ్వాలులో చుట్టి ఒళ్లో పట్టుకుంటే, ఆమె గోరువెచ్చని ఉప్పునీటిలో దూది ముంచి పొక్కులను నానబెట్టేది. పీకితే రక్తం వస్తుంది. నానేదాకా ఓపిక పట్టాలి. కళ్లకు ఆయింట్‌మెంటు రాసి, ఉడికిన గుడ్డు పచ్చసొన నీళ్లలో కలిపి సిరంజితో నోట్లో పోసేది. చూపు లేని పక్షికి జబ్బుకన్నా ఆకలి ముందు ప్రమాదమని ఆమెకు అర్థమైంది.

కొన్నాళ్లకు ఎడమ కన్ను విచ్చుకుంది. ఫెయిత్ వేలు కదిపితే మెడ తిప్పి చూసింది. ఆ సాయంత్రం నానబెట్టిన శనగలు తనంతట తానే పొడుచుకు తింది. ఫెయిత్ బడినుంచి రాగానే సంచి పడేసి ఆ గదిలోకే వెళ్లేది.

అప్పుడే సదాశివరావు గారు ఆడ నెమలిని చేతుల్లో పెట్టుకుని మెట్లు దిగి వచ్చారు. ఆయన కేంద్ర ప్రభుత్వంలో అధికారి. భార్య పోయాక ఒక్కరే ఉంటున్నారు. పొద్దున్నే నెమళ్లకు గింజలు చల్లిగానీ ఆఫీసుకు వెళ్లరు. కరెంటు తీగకు కొట్టుకుని పడిందని, తాను కళ్లారా చూశానని చెప్పారు. ఒక రెక్క వేలాడుతోంది, కాలు ఈడుస్తోంది. వేరుగా ఉంచితే మంచిదేమోనని సిలాసు అన్నాడు. బయట వాన. ఉన్నది ఒకటే గది. దెబ్బే కదా, అంటుకునేది కాదు కదా అనుకుని జయకుమారి మధ్యలో చెక్క అడ్డం పెట్టి దాన్నీ అందులోనే ఉంచింది.

మర్నాడు ఆడ నెమలి మెడ మెలితిరిగింది. తల వీపు మీదకి వాల్చి, కప్పువైపు చూస్తూ గిరగిరా తిరుగుతోంది. గోనెపట్టా మీద పచ్చగా రెట్ట. జయకుమారి గుమ్మంలోనే ఆగిపోయింది. నరసాపురంలో చిన్నప్పుడు ఒక ఎండాకాలం అమ్మమ్మ కోళ్లన్నీ ఇలాగే మెడలు తిరిగి చచ్చిపోయాయి. కొక్కెర తెగులు. అది తీగకు కొట్టుకుని జబ్బుపడలేదు. జబ్బుపడి ఎగరలేక తీగకు కొట్టుకుంది.

చిన్న నెమలిని వెంటనే స్నానాలగదికి మార్చింది. గదంతా బ్లీచింగ్ నీళ్లతో కడిగింది. ఆడ నెమలి ఆ సాయంత్రమే పోయింది. మునీర్కా డాక్టరు లక్షణాలు విని, దానికి మందు లేదన్నాడు. రెండోది తప్పించుకుంటే అదృష్టమేనన్నాడు.

తప్పించుకోలేదు. ముందు శనగలు మానేసింది. తర్వాత నోరు తెరిచి ఎగశ్వాస తీయడం మొదలుపెట్టింది. బాగైన కన్ను మాత్రం తేటగానే ఉంది. కుక్కలకిచ్చే ఇంజెక్షనొకటి ఉందని, బాధ లేకుండా ప్రాణం పోతుందని డాక్టరు చెప్పాడు. ఆ మాట జయకుమారి ఫెయిత్‌తో అంది.

"హాస్పిటల్లో కూడా ఇలాగే చేస్తారా మమ్మీ?" అని ఫెయిత్ అడిగింది.

"చేయం."

"తగ్గనివాళ్లుంటారు కదా. వాళ్లని?"

"దగ్గర కూర్చుంటాం."

"అయితే, దీని దగ్గర కూడా కూర్చుందాం."

కూర్చున్నారు. తడి నేల మీద పీటలు వేసుకుని, తల్లీ కూతురూ దానికి చెరోపక్క. మనుషులు పోయేటప్పుడు మత్తుమందు ఉంటుంది, చేయి పట్టుకుంటే తెలుస్తుంది. దీనికి అవేవీ లేవు. మెడ తిరిగినప్పుడల్లా తల గచ్చుకు కొట్టుకునేది. జయకుమారి అరచేయి అడ్డం పెట్టేది. రెక్కలు టపటపా కొట్టుకుని, ఆగి, మళ్లీ మొదలయ్యేవి. ఫెయిత్ మొదట దాన్ని నిమిరింది. తర్వాత చేతులు ఒళ్లో పెట్టుకుంది. తర్వాత గోడవైపు తిరిగింది.

"మమ్మీ, డాక్టర్ అంకుల్‌ని పిలు" అంది.

సిలాసు స్కూటరు మీద వెళ్లి ఆయన్ని తీసుకొచ్చాడు. సూది వేసేటప్పుడు తువ్వాలు పట్టుకుంటానని ఫెయిత్ తనే ముందుకు వచ్చింది. జయకుమారి వద్దనలేదు.

రెండు నెమళ్లనూ పెరట్లో లోతుగా తవ్వి, సున్నం చల్లి పూడ్చారు. వ్యాను వాళ్లు ఫోన్ చేస్తే ఇక రావక్కర్లేదని సిలాసు చెప్పాడు. గోడ అవతల ఇంకా రెండు నెమళ్లు చచ్చి పడి ఉన్నాయని చుట్టుపక్కల ఇళ్లవాళ్లు చెప్పుకున్నారు.

జయకుమారి మేడ మీదకి వెళ్లింది. సదాశివరావు గారు గింజల పళ్లెం పట్టుకుని నిలబడి ఉన్నారు. అన్నీ ఒకచోట చేరి తింటే జబ్బు ఒకదాన్నుంచి ఒకదానికి పాకుతుందని, ఇక గింజలు వేయొద్దని ఆమె చెప్పింది. ఆయన పళ్లెం పిట్టగోడ మీద పెట్టారు.

"నేనది తేకపోతే ఆ చిన్నది బతికేదా అమ్మా?"

పోయినవాళ్ల బంధువులకు ఆమె ఎన్నోసార్లు జవాబు చెప్పింది, మీ తప్పేం లేదండీ అని. ఆ మాట నోటిదాకా వచ్చింది.

"బతికేదండి" అంది. "లోపలికి తీసుకున్నది నేను."

ఆయన తలూపారు. పళ్లెంలోవి సంచిలో పోసి మూతి కట్టారు. డాబా కూడా కడగాలా అని అడిగారు. కడగాలని చెప్పి, ఆమె కిందకి దిగి బ్లీచింగ్ డబ్బా, రెండు చీపుళ్లు తెచ్చింది.