పొగడకొమ్మకు నీళ్లు పోసిన చేయి

రామానుజం చావు గురించి ఆళ్లగడ్డలో చెప్పుకునే కథ ఒకటే: నంద్యాల నర్సరీ పిల్ల కృపావతి చేతి అంటు తగిలి, ఏడాది తిరక్కుండా పోయాడని. అంటు అన్న మాటకు నర్సరీలో వేరే అర్థముందని చెప్పేవాళ్లకు తట్టదు. అసలు ఆ చేయి ఆయన పెరటి ముళ్లకంప దాటిందా అని అడిగినవాళ్లూ లేరు.

1979లో కృపావతి శనివారాలన్నీ ఒక్కలాగే గడిచాయి. ఉదయాన్నే బస్సెక్కి, శిరివెళ్ల మీదుగా ఆళ్లగడ్డలో దిగి, రామానుజం పెరటి కంప బయట నిలబడి ఆయన చేత పని చేయించడం. ఆ పెరటి పొగడచెట్టు నాలుగు తరాలుగా అహోబిలం స్వామికి పూలిచ్చింది. ఇప్పుడు చెదలు తిని మాను డొల్లబోయింది. విత్తనం మొలిస్తే దాని బిడ్డ అవుతుంది కాని అదే చెట్టు కాదు. ఆయనకు అదే చెట్టు కావాలి.

"కణుపు కింద కొయ్యండి సామీ. బెరడు రవ్వంత గీకి, వేరుమందు పొడి అద్ది ఇసకలో గుచ్చండి. పైన తడిగోనె కప్పండి," అంది కృపావతి. "ఎంత చేసినా ఇది ముసిలి కొమ్మ. వేరు దిగాలంటే వయసడుగుతాది. నీళ్లు పోసినోళ్ల కాడ్నే గుంజుకుంటాది."

"తెలుసులే. గుంజుకోనీ. నాకింకా నలభై రెండే కదా!"

"మాను మొదలుకాడికి కోస్తే లేత పిలకలొస్తాయి. వాటికి ఎవురి వయసూ అక్కర్లే."

"మా ముత్తాత నాటిన మానుకు రంపమా? నోరు కడుక్కో పో."

"పోనీ, నేనూ ఒక చెంబు పోస్తా. వంతులేసుకుందాం."

"నువ్వు పోస్తే అంటు. ఆ పూలు ఇంక సామికి పనికిరావు."

ఆషాఢం వెళ్లేసరికి తొలి కొమ్మ దారమంత తెల్లని వేరు వేసింది. రామానుజం దాన్ని ఎత్తి దూరం నుంచే చూపించాడు. చూపించిన చేతి మీద చర్మం వేలాడుతోంది.

ఆయన భార్య కమలవల్లి వంటింటి గడపలో పప్పు మెత్తగా మెదుపుతూ, "ఈ వారం ఆయనకు రెండు పళ్లు రాలినాయమ్మా," అంది, ఎండ ముదిరిందన్నంత మామూలుగా.

"కొమ్మలు బాగా అంటుకుంటాండాయే సామీ!" అని పక్కింటివాళ్లు గోడ మీంచి మెచ్చుకున్నారు. అప్పటికి ఆయన నడుము వంగిపోయింది.

దీపావళి ముందటి శనివారం ఆయన చెంబు పట్టుకుని పాకుతూ వచ్చాడు. కృపావతి కంప పక్కకు లాగింది.

"ఇంగ చాలు సామీ. అన్నీ పెరికేస్తా!"

"తాకినావంటే మైల," అన్నాడు, ఇసక మడికి అడ్డంపడి.

కృపావతి ఎత్తిన కాలు వెనక్కే పెట్టింది. అది చిన్నప్పటి నుంచి ఆ కాలికి నేర్పిన పని. ఆమె చూస్తూండగానే ఆయన చెంబు వంచాడు. ఖాళీ అయిన చెంబు చేతిలోంచి జారాక ఆయన మళ్లీ లేవలేదు. నీళ్లు పోసేవాళ్లు లేక కొమ్మలూ ఎండిపోయాయి.

కర్మలైన మరునాడు కమలవల్లి కబురంపింది. "రంపం తెచ్చినావా? లోపలికి రా."

"అంటు కదమ్మా…"

"ఎవురూ అంటకుండానే పోయినాడు కదే మనిషి. రా."

మానును ఆ రోజే మొదలంటా కోశారు. మోడు పెట్టిన పిలకల్లో ఐదింటిని కృపావతి ఇసక మడిలో గుచ్చి, మరుసటేటి వానకాలమంతా ఆ పెరట్లోనే ఉండి తన చేత్తో నీళ్లు పోసింది. 1980 ఆగస్టులో ఐదింటికీ వేళ్లు దిగాయి. ఆ ఇంట్లో ఒక్కరి తలా నెరవలేదు.